సంచీ వెనక ముఖం

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇంటిని బయటి నుంచే పోల్చుకోవచ్చు. అరుగు మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. మాటిమాటికీ ఆసుపత్రికి తిరగలేనివాళ్లు పొట్టకు అమర్చిన సన్నటి గొట్టం ద్వారా ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటారు. అందుకు కావలసిన మందునీళ్ల సంచులు ఆ పెట్టెల్లో వస్తాయి. టెక్కలిలో వర్క్‌షాపు పాఠాలు చెప్పుకునే నేను, ఆ సంచుల కోసం చవకలో ఒక స్టాండు తయారు చేశాను. మామూలు ప్లాస్టిక్ పైపులే. పైన కొత్త సంచీ తగిలించే కొక్కెం, కింద పొట్టలోంచి దిగిన నీళ్ల సంచీ పెట్టుకునే ఏటవాలు పలక. నా తెలివంతా ఆ పలకలోనే ఉందని తెగ మురిసిపోయేవాణ్ణి.

దిగిన నీళ్లు తేటగా ఉండాలి. మసకబారితే పొట్టలో ఇన్ఫెక్షన్ చేరినట్టు. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు. సంచీ కింద పేపరు పెట్టి, అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోమని నర్సులు చెబుతారు. చదువు రానివాళ్లకు అక్షరం మసకబారిందో, దాని తీరే అంతో ఏం తెలుస్తుంది? అందుకని పలక మీద కొబ్బరిచెట్టు బొమ్మ అంటించాను.

మొదటి స్టాండు డొంకూరు వైపు, సముద్రం ఒడ్డునున్న ఒక ఇంటికి ఇచ్చాను. భర్త వేట మానేసి మంచం పట్టాడు. సంచులు మార్చేది భార్యే. కొన్నాళ్లకే ఉప్పుగాలికి నా కొబ్బరిచెట్టు ఊడిపోయింది. మళ్లీ వెళ్లేసరికి ఆ చోట ఒక ముసలాయన ఫొటో ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం, మూలలకు టేపు.

“మా మావ,” అందామె. “మా యమ్మకు తమ్ముడు. నన్నెత్తుకుని పెంచినోడు. ఈ జబ్బుతోటే పోనాడు. మంచం మీదున్న మా బావ ఆయన కొడుకే. కొడుకుని ఆయనే సూసుకుంతాడు బాబూ.”

నా బొమ్మ తీసేసినందుకు ముందు ఒళ్లు మండింది. తరవాత, చెట్టుకన్నా ముఖమే నయం కదా అనిపించి ఊరుకున్నాను. నేను చూస్తుండగానే సంచీ నిండింది. ఆ ముఖం నీళ్ల అడుగు నుంచి మా వైపు చూస్తోంది. పెదవులు బిగించి, ఫొటో తీసేవాడి మీద కోపగించుకున్నట్టుగా ఉంది. “సక్కగా అగుపిత్తన్నాడు,” అంటూ ఆమె సంచీ పక్కకు తీసింది. బయట సరుగుడు తోటలో గాలి హోరు. ఆ గదిలో ఇంకాసేపు కూర్చోవాలని నాకు అనిపించలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, కొక్కెం వదులైందంటే బిగించడానికి వెళ్లాను. భర్త గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదట. సంచీ పలక మీదే ఉంది. ఆమె దాని మీదికి వంగి చూస్తోంది.

“ఇయ్యాల మావ నవ్వుతన్నాడు బాబూ,” అంది సంతోషంగా.

నేనూ వంగి చూశాను. సంచీ నిండా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది. ముఖం లేదు. ఫొటో అంచు కూడా కనిపించలేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఆమె వేలు పెట్టి చూపిస్తోంది. ఇదిగో మీసం, ఇదిగో పెదవి. ఆ వేలి కింద తెలుపు తప్ప ఏమీ లేదు. నాకు భయమేసింది. ముందు ఆమెను చూసి, ఆ తరవాత మంచం మీది మనిషిని చూసి.

ఆటో పిలిచి, సంచీతో సహా అతణ్ణి పలాస ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఆ సంచీని వెలుతురుకు ఎత్తి చూసి వెంటనే చేర్చుకున్నారు. అదృష్టం బాగుండి మనిషి బతికాడు.

ఆసుపత్రి వరండాలో ఆమెకు నచ్చజెప్పాను. పుట్టినప్పటి నుంచి చూసిన ముఖం కాబట్టి, అడ్డంగా గోడ కట్టినా నీకు కనిపిస్తుందని అన్నాను. ఫొటోలో ఆయన అసలు నవ్వడం లేదమ్మా అని కూడా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

“మరి నన్ను సూసి నవ్విందెవులు బాబూ?”



వాళ్లు ఇంటికి చేరాక, నల్లటి గీతల బొమ్మ ఒకటి పట్టుకెళ్లాను. ఆమె దాన్ని పక్కకు నెట్టేసింది. “గీతలతో నానేటి మాటాడతాను? మొకం కావాల. మాకేటీ కానోళ్ల మొకం.” నన్ను ఎగాదిగా చూసింది. “మీదియ్యండి.”

“బతికున్నోళ్ల ఫొటో అక్కడెట్టకూడదే,” అన్నాడు భర్త మంచం మీంచి.

“సచ్చినోళ్లంతా మనోళ్లే గదా బావా,” అందామె.

సోంపేటలో నా పాస్‌పోర్టు ఫొటో పెద్దది చేయించి ఇచ్చాను. అందులో నేనూ పెదవులు బిగించే ఉన్నాను. నేనే పలక మీద అంటించాను. మిగతా స్టాండ్లకు, కంటికి అలవాటు పడకుండా తరచూ మార్చుకునే బొమ్మలు పెట్టాను. ఆమె మాత్రం మార్చనివ్వలేదు. క్లాసులో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా, ఆ ఒడ్డున ఎవరో నీళ్ల అడుగున నన్ను వెతుక్కుంటున్నారనే ఊహ వచ్చేది.

మొన్న మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. వెనక ఏదో రొద.

“బాబూ, ఇయ్యాల మీరు నవ్వుతన్నారు.”

ఫొటోలో నేను నవ్వలేదమ్మా అన్నాను.

“తెలుసు బాబూ. అందుకే సంచీ ఒళ్లో ఎట్టుకుని పలాసకి ఆటో ఎక్కేసినాం. సోంపేట దాటినాం.”