పద్దెనిమిది క్యారెట్ల దుద్దులు

2016 ఆగస్టు 12, శ్రావణ శుక్రవారం, ఉదయం పదీ ఇరవైకి నా పరువు పోవడం మొదలైంది. ఆ రోజుల్లో నాకు అరవై ఆరేళ్లే. ఇంకా పడుచుతనం, నాకు తెలియనిది లేదనుకునే వయసు. బంగారమంటే ఇరవై రెండు క్యారెట్లు, వెనక 916 ముద్ర. అంతకు పిసరు తగ్గినా దాన్ని ఇత్తడి చుట్టాల్లో చేర్చేసేదాన్ని. (పెళ్లిళ్లలో పక్కావిడ గొలుసు కొక్కెం తిప్పి, ముద్ర నలుగురికీ వినపడేలా చదివిన సందర్భాలు మూడున్నాయి. తేదీలు చెప్పగలను, చెప్పను.)

విజయనగరంలో మా ఇంట్లో వరలక్ష్మీ పూజ అయింది. కొత్తవలసలో ఓ ప్రైవేటు బడిలో కొత్తగా పంతులమ్మగా చేరిన మా మనవరాలు, మా అమ్మాయి కూతురు, నా కాళ్లకు దణ్ణం పెట్టి చేతిలో చిన్న డబ్బా పెట్టింది. తన మొదటి రెండు నెలల జీతంతో నాకు కొన్న దుద్దులు, ఒక్కోదానికి ఏడేసి ఎర్రరాళ్లు. బాగున్నాయని అనడానికి ముందే నా వేళ్లు వాటిని వెనక్కి తిప్పాయి. 750. అంటే పద్దెనిమిది క్యారెట్లు. "నిన్నెవడో ముంచేసినాడే! పద, కొట్టుకి పోదాం" అని చేతికి తోరంతోనే బయల్దేరదీశాను. "అమ్మమ్మా, నా మాటిను" అని అది అంటూనే ఉంది.

పదకొండుకల్లా కొట్లో ఉన్నాం. శ్రావణ శుక్రవారం కదా, కొట్టునిండా ఆడవాళ్లు. నా గొంతుకి మంచి సభ దొరికింది. "చిన్నపిల్లని సేసి ఇత్తడి అంటగడతారా?" అన్నాను. కొట్టాయన తాపీగా బిల్లు నకలు తీశాడు.

"పద్దెనిమిదని రాసే ఉన్నాది కదమ్మా. పాపే అడిగి తీసుకున్నాది. మమ్మల్ని తిడతన్నారేటి?"

"దానికేటి తెలుసు?"

"ఊరుకో అమ్మమ్మా, అందరూ సూస్తన్నారు."

"సూడనీ! నువ్వు మాటాడకు."

పక్కనున్న ఒకావిడ నవ్వింది. తప్పు నాదేనని అక్కడే తెలిసింది, కానీ అంతమంది ముందు తగ్గడం నా వల్ల కాలేదు. వీటిని మార్చి ఇరవై రెండువి ఇమ్మన్నాను. "నష్టపోతారమ్మా, రాళ్లకి విలువ రాదు" అని ఆయన రెండుసార్లు చెప్పాడు. వినలేదు. రాళ్లు పోగా మూడున్నర గ్రాములిచ్చి రెండు గ్రాముల రెండు వందల మిల్లీగ్రాములు తెచ్చుకున్నాను. పనివాడు పట్టకారుతో రాళ్లు ఒక్కొక్కటే పీకుతుంటే మనవరాలు గోడమీది గడియారం చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "పద్దెనిమిది ఎందుకు తీసుకున్నావే?"

"నీ చెవి తూట్లు సాగిపోనాయి కదా, బరువు మొయ్యవు. ఇరవై రెండులో తేలిగ్గా సేస్తే కాడ వంగిపోతాదంట. ఇదైతే గట్టిగుంటాదని."

"ఆ ముక్క కొట్లో సెప్పలేకపోయావా?"

"సెప్పనిచ్చేవేటి?"

కొత్త దుద్దుల కాడ పంతొమ్మిదో రోజున వంగింది. (బాగుచేయించడానికి వేరే కొట్టుకి వెళ్లాను, పాత కొట్టున్న వీధి తప్పించి చుట్టూ తిరిగి.) మనవరాలు మాట్లాడటం మానలేదు, పండక్కి చీర కూడా తెస్తుంది. కాకపోతే ముందు బిల్లు నా చేతిలో పెట్టి, నేను చదివేదాకా ఆగి, ఆ తర్వాత చీర ఇస్తుంది. ఆ అరవై ఆరేళ్ల పడుచుని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు పూర్తికాకుండానే తల వాలిపోతుంది.

పోయినవి: మేలిమి లెక్కన బంగారం ఆరు వందల పది మిల్లీగ్రాములు. ఎర్రరాళ్లు పద్నాలుగు. నేను డబ్బా తెరుస్తుంటే నా మొహంకేసి చూసే ఆ పిల్ల చూపు, ఒకటి.