రెండున్నర బ్లాస్టింగ్‌కు పగిలిన తేనె సీసా

మణుగూరు మొత్తం మీద చిన్నపిల్లల్ని నాలెక్క చూసుకునేటోడు ఇంకొకడు లేడు! ఈ మాట మొన్న శనివారం ఒంటిగంటకు అన్న. నాలుగింటికల్లా వాపస్ తీసుకున్న. మధ్యల ఏమైందో చెప్తా, చాయ్ మింగినంక వినుండ్రి.

మా రూతక్క చర్చిలో స్త్రీల కూడికకు పోవాలె. పిల్లలు ఇద్దరు. జోయెల్‌కు ఐదేండ్లు, చిన్నికి మూడు. బావది బొగ్గుగనిలో బ్లాస్టింగ్ డ్యూటీ. అక్క వచ్చేదాక పిల్లల్ని ఏ కంప్లయింట్ లేకుండ చూసుకుంటే, ఆదివారం భద్రాచలంలో దోస్తు పెండ్లికి బావ తన కొత్త బండి ఇస్తనన్నడు. ఆ బండి మీద పెండ్లికాడ దిగుడంటే మాటలా!

అక్క చెప్పులేసుకుంట అన్నది, "అరేయ్ కిరణ్, జోయెల్‌ని వంటింట్లకు పోనియ్యకు. పాలపొడి దొంగ వాడు. నెలకు రెండు డబ్బాలు ఖతం!"

"నేను కాదు మమ్మీ!" జోయెల్ మొహం చిన్నగైంది.

"తప్పు జోయెల్, అబద్ధం ఆడొద్దు," అన్న, మేనమామ హోదాలో.

రెండింటి దాక అంతా శాంతి. జోయెల్ బొమ్మ లారీతో, చిన్ని నా సెల్‌ఫోన్‌తో బిజీ. నేను చిన్న పనుండి వంటింట్ల స్టూల్ ఎక్కిన. ఏం పనని అడగకుండ్రి. మోచెయ్యి తగిలింది, పై అర మీది తేనె సీసా ధన్!

అట్లాంటి ఇట్లాంటి తేనె కాదు. బావ చర్ల సంతంతా తిరిగి తెచ్చిన అడవి తేనె. చిన్ని దగ్గుకని అక్క చెంచాలు లెక్కపెట్టి వాడుతుంది.

పిల్లలిద్దర్ని మంచం ఎక్కించి గాజుపెంకులు ఏరిన. తేనె మీద పాత పేపరు ఏసిన. పేపరు నేలకు అంటుకున్నది. చీపురుతో గీకిన. చీపురు పేపరుకు అంటుకున్నది. బకెట్ నీళ్లు కొట్టిన. ఇంక చూస్కో, వంటిల్లంత పాకం! చీమలకు ఎవరు కబురు పెట్టిండ్రో, లైను కట్టినయ్. మంచం మీద చిన్ని ఒకటే చప్పట్లు.

అంతల చిన్ని చేతిలో సెల్లు ఒక్కసారి మోగి ఆగింది. అక్క మిస్డ్ కాల్. టైం మూడు దాటింది, అంటే కూడిక అయిపోయి, డ్యూటీ దిగిన బావతో బయలుదేరింది!

అప్పుడొచ్చింది ఐడియా. మా కాలనీలో రోజూ రెండున్నరకు గనిలో పేలుస్తరు. గిన్నెలు గలగలమంటయ్, గోడ మీద ఫొటోలు వంకరైతయ్. ఏ ఇంట్ల ఏది పగిలినా నేరం దానిదే.

"జోయెల్, మమ్మీ అడిగితే ఏం చెప్తవ్?"

"నువ్వు స్టూల్..."

"కాదు! బ్లాస్టింగ్ అయింది, ఇల్లు ఊగింది, సీసా పడ్డది."

"అబద్ధం ఆడొద్దన్నవ్ కదా మామా?"

"ఇది అబద్ధం కాదురా, రిహార్సల్."

అక్కాబావలు ఒకే బండి మీద దిగిండ్రు. వంటింటి గడపలో అక్క చెప్పు అంటుకపోయింది.

"ఇదేందిరా!"

"అక్కా, ఏం బ్లాస్టింగ్! ఇల్లు కూలిందనుకున్న!"

"మూడుసార్లు పేలింది మమ్మీ!" జోయెల్ అందుకున్నడు. "మంచం ఎగిరింది! మామ ఏడ్చిండు!"

"ధన్!" అన్నది చిన్ని.

బావ నిమ్మళంగ హెల్మెట్ తీసిండు. "ఎవరు పేల్చిండ్రు బామ్మర్దీ?"

"మీరే కద బావా!"

"నేనా? రాత్రి వానకు పేలుడు మందు పెట్టే హోల్స్ అన్నిట్ల నీళ్లు నిండినయ్. ఇయ్యాల పేలుడే పెట్టలే. పొద్దటి సంది చాయ్ తాగుకుంట కూసున్న. నాకు తెల్వకుండ పేల్చినోడెవడో చూపియ్యి, సోమారం డ్యూటీకి వాణ్నే తోలుకపోత."

బండి తాళం చెవి బావ జేబులకు పోయింది. "భద్రాచలం బస్సు పొద్దున ఆరింటికి," అన్నడు.

అక్కడితో అయిపోతే బాగుండు. అక్క కండ్లు స్టూల్ మీద పడ్డయ్. దాని మీద దుమ్ముల నా పాదం గుర్తు, ఐదు వేండ్లూ సాఫ్.

"స్టూల్ ఎందుకెక్కినవ్? ఆ అరల తేనె, పాలపొడి తప్ప ఇంకేం లేవు కద." చప్పున జోయెల్ దిక్కు తిరిగింది. "నువ్వే తియ్యమన్నవ్ కదరా?"

"నేను కాదు మమ్మీ..." వాడి కింది పెదవి వణికింది. అప్పటిదాక నా కోసం మంచం ఎగిరిందని చెప్పిన నోరు అది! ఇగ నా వల్ల కాలే.

"అక్కా... వాడు కాదు. ఆ పాలపొడి... నేనే."

నాకు ఇరవైమూడేండ్లు. డిగ్రీ పాస్. చెంచాతోటి కూడా కాదు, పిడికిట్ల పోసుకోని బుక్కేటోణ్ని.