గేరు గుండు మీది తెల్ల అంకెలు

మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది కానీ ఎడమ చెయ్యి లేవలేదు. ఇరవై ఏళ్లు తెలకపల్లిలో కిరాయికి కారు నడిపిన మనిషి. గేరు వేసే చెయ్యే పోయిందని ఏడ్చాడు. పెళ్లయిన కొత్తలో నాకూ నేర్పాడు, లైసెన్సూ ఇప్పించాడు. కానీ గేర్ల దగ్గర నాకెప్పుడూ తికమకే.

చేతికి వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు నాగర్‌కర్నూల్ దవాఖానకు పోవాలి. స్టీరింగు, క్లచ్చు నా వంతు. పక్క సీట్లో కూర్చుని కుడిచేత్తో గేరు వేయడం ఆయన వంతు. "తొక్కు" అనేవాడు, తొక్కేదాన్ని. ఆ కాసేపూ ఆయన మొహంలో కళ ఉండేది.

ఒకరోజు తిరిగి వస్తుంటే అలసి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. బజారు మధ్యలో బండి ఆగిపోయింది. గేరు కడ్డీ మీది గుండు వైపు చూస్తే అంకెల్లేవు, గడ్డకట్టిన కుంకుమ ఉంది. ఏటా దసరాకు బండికి పూజ చేసి, గుండుకు పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. చెక్కిన అంకెలన్నీ నా భక్తితోనే పూడ్చుకున్నాను. ఒకటి అనుకుని వేస్తే మూడు పడింది, బండి ఊగి మళ్లీ ఆగింది. "ఏందక్కా, ఈడనే కాపురం పెడ్తవా?" అని వెనక ఆటో ఆయన కేక. ఒళ్లు మండింది నాకు.

మర్నాడు పిన్నీసుతో కుంకుమంతా గీకాను. గేటుకు వేయగా మిగిలిన తెల్లరంగును అగ్గిపుల్లతో గీతల్లో నింపి, పైపైన గుడ్డతో తుడిచాను. అంకెలు తెల్లగా తేలాయి. ముచ్చటేసి ఆయన్ని పిలిచి చూపించాను.

"మంచిగున్నయి. ఇగ నాతోని ఏం పనే?" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను అంత దూరం ఆలోచించలేదు. చాలా బాధేసింది. తుడిచేద్దామంటే రంగు ఆరిపోయింది.

మళ్లీ దవాఖానకు బయల్దేరిన రోజు కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటేదాకా గేర్లు నేనే వేశాను, ఒక్కటీ తప్పలేదు. స్పీడు బ్రేకరు దగ్గర క్లచ్చు తొక్కి ఊరుకున్నాను.

"ఏందే, రెండు వెయ్యి."

"ఏది రెండో కనబడ్తలేదయ్యా. జర నువ్వే వెయ్యరాదు."

గుండును చూశాడు, నన్ను చూశాడు. "గంత తెల్లగ రాసుకున్నవ్, కండ్లు పోయినయా?" అని తిడుతూనే రెండో గేరు వేశాడు.

దవాఖాన వచ్చేదాకా గుండు మీంచి చెయ్యి తీయలేదు.