సంగిడి ఎత్తే మనిషి నాడి

1926లో నన్ను అరకు లోయలోని చిన్న ఆస్పత్రికి సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆస్పత్రంటే నేనూ, ఒక కాంపౌండరూ, నాలుగు మంచాలూ. కడుపు కోసి చూడాల్సిన కేసైతే ఘాటీ దింపి పట్నం పెద్దాస్పత్రికి పంపాల్సిందే.

కలప కూలీలను ఏటా పనిలో చేర్చుకునేముందు పరీక్షించడం నా విధి. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చిన సింహాద్రిని అలాగే చూశాను. అప్పుడతని నాడి అందరిలాగే నిమిషానికి డెబ్బై పైన ఉంది. దుంగలు మోయడం చాలదన్నట్టు అతను రోజూ పొద్దున్నే సంగిడి ఎత్తేవాడు. కండబలం కోసం ఎత్తే బరువైన రాయిని మా వైపు సంగిడి అంటారు. మరుసటి ఏటి పరీక్షలో నాడి యాభై చిల్లరకు దిగింది. గుండెజబ్బేమోనని కాంపౌండరు కంగారుపడ్డాడు.

"జబ్బు నీ బుర్రకి!" అన్నాను. అలా కష్టపడే ఒంట్లో గుండె కూడా బలపడుతుంది. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది కనుక తీరిగ్గా కొట్టుకుంటుంది.

ఆ వర్షాకాలంలో దుంగ జారి సింహాద్రికి ఎడమ డొక్కలో తగిలింది. భార్య నూకాలుతో నడిచే వచ్చాడు.

"నాకేటీ అవలేదు బాబూ, కూసింత నొప్పి. బేగి పనిలోకెళ్ళాల" అన్నాడు.

నాడి ఎనభై. బాగానే ఉంది, పంపేద్దామన్నాడు కాంపౌండరు. ఎనభై ఆ కాంపౌండరుకో నాకో అయితే బాగానే ఉన్నట్టు. సింహాద్రికది పరుగు. మన్యం జ్వరాలకు అతనికి ఎడమ డొక్కలోని ప్లీహం వాచి, కడుపులో బల్ల పెరిగి ఉంది. అది చిట్లితే రక్తమంతా లోపలే కారుతుంది, పైకి చుక్క కనబడదు. పట్నం పంపుతానన్నాను.

"కోసేత్తే బతుకుతాడా బాబూ?" అని నూకాలు నా కాళ్ళు పట్టుకుంది.

"కోయకపోతే బతకడు" అన్నాను. పైకి అలా అన్నాను గానీ నాకూ భయమేసింది. నా అంచనా తప్పయితే నిక్షేపంలాంటి మనిషిని కత్తికి అప్పజెప్పినట్టే.

డోలీలో ఘాటీ దింపారు. కడుపు తెరిచేసరికి లోపలంతా రక్తమేనట. చిట్లిన బల్లను తీసేశారు, మనిషి దక్కాడు.

నెలల తరబడి మంచం మీదే ఉండి తిరిగొచ్చాడు. చెయ్యి పట్టుకు చూస్తే నాడి మళ్ళీ డెబ్బై దాటింది. ఇప్పుడు సరిగ్గా ఉందని కాంపౌండరు సంబరపడ్డాడు. సింహాద్రి మాత్రం సంగిడి ఎప్పుడెత్తొచ్చో చెప్పమన్నాడు. చిన్న రాయితో మొదలుపెట్టించాను. మరుసటి వేసవికి నాడి మళ్ళీ నిదానించింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఒంట్లో బాగున్నవాళ్ళ నాడి కూడా చూసి గుర్తుపెట్టుకునేవాణ్ణి. అది తెలియకపోతే జబ్బుపడ్డ రోజు ఎంత లెక్కపెట్టినా తెలిసేది తక్కువే.