దుకాణానికో తమ్ముడు

కామారెడ్డిలో ఎంబీఏ చదివేటప్పుడు మార్కెటింగ్ చెప్పే సారు ఒక రోజు మా అందరి చేతా ఒక పని చేయించారు. మన పేరు వినగానే జనానికి ఒక్క మాట గుర్తుకు రావాలి, ఆ మాట ఏమిటో రాయమన్నారు. పర్సనల్ బ్రాండింగ్ అంటే అదేనన్నారు. నా పక్కన కూర్చున్నవాడు ‘నాయకుడు’ అని రాశాడు. వాడు క్లాసు లీడరుగా కూడా గెలవలేదు. నాకైతే ఏమీ తోచలేదు. ఇంగ్లీషు అంతంత మాత్రం, మనిషిని చూస్తే బక్కగా పదో తరగతి పిల్లాడిలా ఉంటాను. ఎక్కడికి పోయినా జనం నన్ను “ఏం తమ్మీ” అనే పలకరిస్తారు. సరేనని అదే రాశాను: తమ్ముడు. సారుకు తెగ నచ్చింది. దీన్ని పట్టుకో, వదలకు అన్నారు.

నేనూ వదల్లేదు. చదువు అయిపోయి, మసాలా పొడులు చేసే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరాను. ఉద్యోగాల సైటులో నా ఫోటో కింద ‘పల్లె మార్కెట్లో ప్రతి దుకాణానికీ తమ్ముడిని’ అని పెట్టుకున్నాను. పెట్టుకున్నప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు ఆ వాక్యం చూస్తే ఒళ్లు మండుతుంది.

కంపెనీ నాకు ఇచ్చింది ఎల్లారెడ్డి వైపు. మొదటి రోజు ఎండలో దుకాణం దుకాణం తిరిగాను. మా ప్యాకెట్టు పేరు ఎవరూ వినలేదు. కొందరు మళ్లీ రమ్మన్నారు, కొందరు తలెత్తి చూడను కూడా చూడలేదు. మధ్యాహ్నం దాటాక బస్టాండు వెనకాల ఒక కిరాణం దుకాణానికి వెళ్లాను. ముప్పై దాటిన ఒకావిడ ఒక్కతే నడుపుకుంటోంది. ఆమె భర్త వరికోత మిషను నడుపుతాడు, సీజనులో ఇంటిపట్టున ఉండడు.

“అక్కా, నీ తమ్ముడనుకో. ఒక్క పెట్టె ఉంచు,” అన్నాను. ఆ మాట పొద్దుటి నుంచి ప్రతి దుకాణంలోనూ అంటూనే వస్తున్నాను.

ఆమె నా మొహం వంక కాసేపు చూసింది. “తిన్నవా తమ్మీ?” అంది.

తినలేదన్నాను. లోపలికి పోయి జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి పెట్టింది. నేను తిని చెయ్యి కడుక్కునే లోపు మా ప్యాకెట్లు గల్లాపెట్టె పక్కన, వచ్చినవాళ్ల కంటికి మొదట ఆనే అరలో చేరాయి.

ఆ తర్వాత నా దశ తిరిగింది. ఆమెకు తెలియని దుకాణదారు లేడు. ఆమె మాట మీద నస్రుల్లాబాద్‌లో ఇద్దరు, మహారాష్ట్ర సరిహద్దు మద్నూర్‌లో ఒకాయన మా సరుకు పెట్టారు. మద్నూర్ ఆయనతో నాకు రాని మరాఠీలో ఫోన్లో ఆమే మాట్లాడింది. చదువుకునేటప్పుడు నెట్‌వర్కింగ్ గురించి నేను విన్నదంతా ఒక ఎత్తు, తక్కెడలో బియ్యం జోకుతూ ఆమె చేసిన ఆ ఫోను ఒక ఎత్తు. నేను మాత్రం ఇదంతా నా తెలివి అనుకున్నాను.

ఆమెకు అన్నదమ్ములు లేరు. పుట్టింట్లో నలుగురూ ఆడపిల్లలే. రాఖీ పున్నానికి నేను ఆర్డర్ల కోసం అటు పోతే నాకు రాఖీ కట్టింది. “ఇన్నేండ్లు దేవుని పటానికి కట్టిన తమ్మీ,” అంటూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. నాకూ సొంత అక్కే అనిపించింది, అది అబద్ధం కాదు. కానీ రాఖీ కట్టిన ఆ చేత్తోనే పక్కన నిలబడ్డ గిరాకీకి నా ఫోను ఇచ్చి ఫోటో తీయమన్నాను. ఆ సాయంత్రమే ‘వ్యాపారం అంటే బంధమే’ అని రాసి సైటులో పెట్టాను. నేను పెట్టినవాటిలో అంతగా పేరొచ్చింది ఇంకొకటి లేదు.

కొన్ని నెలలకు ఆమె చిన్న కూతురికి పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నారు. మా వైపు పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయిస్తారు. మొదటి కత్తెర అతనే వేస్తాడు, కొత్త బట్టలు తెస్తాడు. పెద్ద పిల్లకు తీయించినప్పుడు ఎవరో దూరపు చుట్టాన్ని బతిమాలి కూర్చోబెట్టారట. వచ్చి కూర్చుని తానే పరువు నిలబెట్టానని ఆయన ఏడాది పొడుగునా చెప్పుకుని తిరిగాడట.

“ఈసారి ఎవ్వరిని బతిమిలాడ,” అంది. “మా ఆడిబిడ్డలకు జెప్పిన, నాకు తమ్ముడున్నడని. నువ్వు రావాలె తమ్మీ. నువ్వు రాకుంటే నా ఇజ్జత్ పోతది.”

“నేను రాకపోతే ఇంకెవరొస్తరక్కా?” అన్నాను. మాటలదేముంది, నాకు ఎప్పుడూ కొదవ లేదు.

రెండు రోజుల ముందు సారు ఫోన్ చేశారు. కొత్త బ్యాచికి పర్సనల్ బ్రాండింగ్ మీద నేను వచ్చి మాట్లాడాలట, మా కంపెనీ మేనేజరును కూడా పిలిచారట. అదే రోజు, అదే పూట. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, మేనేజరు ముందు మాట్లాడితే ఖాయమవుతుందని అనుకున్నాను. అందుకే ఒప్పుకున్నానని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది. కానీ అసలు సంగతి అది కాదు. రెండేళ్ల కింద నేను వెనక బెంచీలో కూర్చున్న హాల్లో మైకు పట్టుకుని నిలబడాలని నాకు మనసైంది.

ఆ పొద్దున ఆమెకు ఫోన్ చేసి, కంపెనీ అర్జెంటు మీటింగు పెట్టింది, కదలడానికి లేదని చెప్పాను. అవతల చాలామంది మాటలు, గిన్నెల చప్పుడు.

“మీటింగు ఎప్పుడైతది తమ్మీ? జరంత ఆలిస్యమైనా ఆగుతం. తినే యాళ్లకన్న రా.”

“చూస్తక్కా,” అన్నాను. రానని నాకు తెలుసు.

హాలు నిండిపోయింది. వెనక తెర మీద రాఖీ ఫోటో వేశాను. ఒక్క పిలుపుతో ఒక కొత్త సరుకు ఎల్లారెడ్డిలో ఎలా నిలబడిందో చెబుతుంటే జూనియర్లు ఫోన్లలో రాసుకుంటున్నారు. “పరిచయం చేసుకోవడం ఎవరైనా చేస్తారు, నిలబెట్టుకోవడమే పని. వాళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలి,” అని నేను అంటుండగా నా జేబులో ఫోను వణికింది. చూడకుండానే ఎవరో తెలిసింది. జేబులో చెయ్యి పెట్టి కట్ చేశాను. చప్పట్లు కొట్టారు. సిగ్గులేనివాణ్ని, ఇంకా కాసేపు మాట్లాడాను. మేనేజరు భుజం తట్టారు. సాయంత్రం వెనక తెరతో సహా నా ఫోటోలు వస్తే మంచివి ఏరి సైటులో పెట్టాను, అలవాటు కొద్దీ వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టాను. ఆ స్టేటస్ ఆమె కూడా చూస్తుందని నాకు తట్టలేదు. మార్కెటింగ్ చదివినవాణ్ని, ఎవరికి ఏది కనబడుతుందో తెలిసి ఉండాల్సినవాణ్ని.

తర్వాతి వారం కామారెడ్డిలో ఒక ఫ్రాకు కొని ఎల్లారెడ్డి పోయాను. దుకాణంలో అడుగు పెడుతూనే నా కళ్లు పోయింది గల్లా పక్కన అర మీదికి. ప్యాకెట్లు ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకుంటున్నప్పుడే ఆమె నన్ను చూస్తోందని తెలిసింది.

“గాడ్నే ఉన్నయి తమ్మీ, నేనేం తియ్యలే,” అంది. “ముందుగాల పిల్లను జూడు.”

పిల్ల గల్లా బల్ల కింద కూర్చుని ఖాళీ డబ్బాతో ఆడుకుంటోంది. నున్నటి గుండు, చెవి వెనక చిన్న గాటు మానుతోంది.

“ఎవరి ఒళ్లో కూసోబెట్టిన్రక్కా?”

“నా ఒళ్లోనే. శానసేపు ఆగినం. మంగలాయనకు ఇంకో ఇంటికి పోయేదుండె. మా ఆడిబిడ్డ ఏది మీ తమ్ముడు, ఏది మీ తమ్ముడు అనబట్టె. ఇగ కత్తెర నేనే పట్టిన.” ఎవరి గురించో చెబుతున్నంత మామూలుగా చెప్పింది. తర్వాత పిల్ల గుండు నిమురుతూ, “నీ స్టేటస్ జూసిన. నా ఫోటో అంత పెద్దగ వెట్టినవ్. ఆ పిల్లలందరు నన్ను జూసిండ్రా?” అంది.

ఎత్తిపొడుస్తోందేమోనని మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ని, దానికి నేను సిద్ధపడే వచ్చాను. ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. చూశారక్కా అన్నాను. మీటింగు అబద్ధమని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

ఫ్రాకు ఇచ్చాను. పిల్లకు అక్కడికక్కడే తొడిగి, “మామ తెచ్చిండు, జూడు,” అని నా వైపు తిప్పింది. పిల్ల కొత్తమనిషిని చూసినట్టు చూసి తల్లి కొంగు పట్టుకుంది.

బ్యాగు సర్దుకుంటుంటే ఆమె తనంతట తానే ఫోను తీసింది. పిట్లంలో ఎవరో కొత్తగా పెద్ద దుకాణం తెరిచారట. “ఆ, నేనే. మా తమ్ముడొస్తుండు. మసాలాలు మంచిగుంటయి. మా సొంత తమ్ముడే అనుకో,” అని చెబుతోంది. అవతలివాళ్లు ఏదో అడిగారు. “నా బిడ్డకు మేనమామనే,” అంది.

వద్దక్కా అనాలి. ఫోన్ పెట్టేయి, నేను ఆ మాటకు తగను అనాలి. నోటి దాకా వచ్చింది కూడా. ఆ నెల నా టార్గెట్ ఇంకా సగం మిగిలి ఉంది. దుకాణం ఏ వైపో అడిగి తెలుసుకుని, బండి ఎక్కి పిట్లం పోయాను.