చక్కిలిగింతల పరీక్ష

తిరుపతిలో నర్సింగ్ చదివే రోజుల్లో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది మనిషి పొట్ట మీద చెయ్యి వేయడం. క్లాసులో మేడమ్ తేలిగ్గానే చెప్పేసింది. చూడాలి, తాకాలి, తట్టాలి, వినాలి. పొట్ట దగ్గర మాత్రం వరస మారుతుంది. నొక్కితే పేగుల చప్పుడు మారిపోతుంది కాబట్టి ముందు వినాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ నిజం మనిషి ఎదురుగా పడుకుంటే నా వేళ్లు కొయ్యబారిపోయేవి.

వేసవి సెలవులకు బంగారుపాళ్యం దగ్గరున్న మా ఊరికి వచ్చాను. మామిడికాయల కాలం. అమ్మా నాయనా పొద్దున్నే తోటకు పోయేవాళ్లు. ఇంట్లో మిగిలింది నేనూ, నాయనను కన్న మా అవ్వా. సెలవులు కాగానే నాకు ప్రాక్టికల్స్.

"అవ్వా, రవ్వంత పండుకో. నిన్ను పరీక్ష చేస్తా."

"నాకేం రోగమొచ్చిందే?"

"నీకు రోగం రాలేదు, నాకు పరీక్ష వచ్చింది."

నవ్వుతూ చాప మీద పడుకుంది. స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు విన్నాను. అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని పొట్ట మీద వేశానో లేదో, అవ్వ ముడుచుకుపోయి ఒక్క కేక పెట్టింది.

"సక్కిలిగింత! తియ్యే చెయ్యి!"

మళ్లీ వేశాను. మళ్లీ కేక. ఇద్దరం పడీపడీ నవ్వాం. అప్పుడు మేడమ్ చెప్పిన ఉపాయం గుర్తొచ్చింది. అవ్వ చేతినే అవ్వ పొట్ట మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేసి మెల్లగా కదిలించాను. తనకు తాను ఎవరూ చక్కిలిగింత పెట్టుకోలేరు కదా. పొట్ట మెత్తబడింది. నెమ్మదిగా ఆమె చేతిని పక్కకు జరిపి నా వేళ్లు ఆనించాను. అవ్వ కదల్లేదు.

తర్వాత ఎడమచేతి నడిమివేలు ఆనించి, కుడిచేతి నడిమివేలితో దాని మీద తట్టాను. కుడి పక్కటెముకల దగ్గర కాలేయం మీద మొద్దు శబ్దం. ఎడమ పక్కకు రాగానే ఖాళీ బిందెలా మోగింది. ఆ తేడా నా చెవికి తెలియడం అదే మొదటిసారి. ఇక్కడంతా ఖాళీ అని అరుస్తూ ఎగిరి గంతేశాను.

"ఖాళీగా కాక ఎట్లుంటాది? ఇంకా సంగటి తినలేదు గదా," అంది అవ్వ.

అంతలో వాకిట్లో ఎదురింటి అవ్వ ప్రత్యక్షమైంది. మా మేక ఆమె ఎండబెట్టుకున్న వడియాలు తినేసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె మా అవ్వ వైపు చూడకుండా నన్నడిగింది.

"ఏం పాపా, ఆ కేకలేంది? మీ అవ్వకు బాగలేదా?"

నేను నోరు తెరిచేలోపే మా అవ్వ లేచి కూర్చుంది.

"నాకేం కాలే. నువ్వూ వచ్చి పండుకో. ఈ పిల్లకు పొట్టలు చాలక అల్లాడతా ఉండాది."

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి చాప మీద పడుకుంది. నేను గుండె వింటుంటే మా అవ్వ ఉండబట్టలేక స్టెతస్కోపు లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. విని కనుబొమలు ముడిచింది.

"ఏందే, ఇంత బిరబిరా కొట్టుకుంటా ఉండాదే?"

"నీ కేకలకు పరిగెత్తుకుంటా వచ్చినాను గదా వదినా!"

మా అవ్వ మెల్లగా స్టెతస్కోపు తీసేసింది.

"ఆ పొద్దు మేకను కట్టేయకపోవడం నా తప్పేలే," అంది.

"పోనీలే వదినా. ఇట్లియ్యి, నీ గుండె ఎట్ల కొట్టుకుంటాదో సూస్తా."

అంతే, ఆ పూటకు నా స్టెతస్కోపు మళ్లీ నా చేతికి రాలేదు. మధ్యాహ్నం ఇద్దరూ ఒక్కచోట కూర్చుని సంగటి తిన్నారు. సాయంత్రం తోట నుంచి వచ్చిన నాయన, ఎదురింటి అవ్వ మా చాప మీద కాళ్లు చాపుకుని కబుర్లు చెబుతుండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

సెలవులన్నాళ్లూ మధ్యాహ్నం పూట వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. తమ గుండె చప్పుడు వాళ్లూ వినాలట. నేను విన్నాను, తట్టాను, తాకాను. తిరుపతి బస్సెక్కేనాటికి కొత్త మనిషి పొట్ట మీద చెయ్యి వేయడమంటే నాకు బెరుకు పోయింది. ప్రాక్టికల్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఫోన్‌లో ఆ సంగతి చెబితే అటువైపు నుంచి రెండు గొంతులు ఒక్కసారే కేక వేశాయి.