కమ్మరి ఇంటికి చేరిన కత్తి

మదనపల్లెలో టిఫిన్ అంగడి నడిపే చంద్రికకు పాత ఉక్కు కత్తులంటే ప్రాణం. పాత సామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చుకుని, తుప్పు గీకి, సాన పట్టి, వాటితోనే కూరగాయలు తరుగుతుంది. పని కాగానే తడి తుడిచి నూనె రాస్తుంది. ఎవరడిగినా ఒక్కటీ ఇవ్వదు.

ఒకరోజు చౌడేపల్లె నుంచి ఆసుపత్రి పనిమీద వచ్చిన రెడ్డెమ్మ అనే ముసలామె ఇడ్లీ తింటూ, చంద్రిక చేతిలోని కత్తినే చూస్తూ ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని దగ్గరికొచ్చి, పిడి పక్కనున్న మూడు చుక్కల గుర్తును వేలితో తడిమింది.

"ఇది మా ఆయన కొలిమిలో కొట్టిన కత్తిమ్మా. ఆయన పోయి శానా ఏండ్లయింది."

"అయితే మీ ఇంట్లో ఇట్లాంటివి శానా ఉంటాయేమో కదవ్వా," అంది చంద్రిక.

రెడ్డెమ్మ నవ్వింది. "యాడివి? మంచివన్నీ సంతకే పోతాండె. నాకు ఎప్పుడూ మొండి కత్తే గతి. అడిగితే, రేపు నీకొకటి కొడతాలే అంటాండె."

చంద్రిక కత్తిని కడిగి, తుడిచి, పేపర్లో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"పదునుగా ఉండాది, జాగర్త అవ్వా."

రెడ్డెమ్మ వద్దనలేదు. పొట్లాన్ని సంచిలో వేయకుండా, చంటిబిడ్డలా రెండు చేతుల్తో పట్టుకుని బస్సెక్కింది.